కోర్టుపక్షి రెక్కలు ఎవరు కత్తిరించాలి? బ్రిటన్ ఉద్యోగ ట్రిబ్యునళ్లలో నాలుగు దారులు

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. బ్రిటన్‌లో ఉద్యోగి, యజమాని తగాదాలు తేల్చే ఉద్యోగ ట్రిబ్యునల్ దాకా వెళ్లివచ్చిన చిన్న యజమాని ఎవరికైనా ఈ మాట చెప్పండి, వెంటనే తల ఊపుతారు. అక్కడి మామూలు సివిల్ కోర్టులో ఓడినవారు గెలిచినవారి ఖర్చులు భరించాలి. ట్రిబ్యునల్‌లో అలా కాదు, సాధారణంగా ఎవరి లాయరు ఫీజు వారిదే. ఉద్యోగం పోయి దిక్కుతోచని మనిషికి, ఓడితే ఎదుటివారి ఖర్చు కూడా నెత్తిన పడుతుందన్న భయం ఉండకూడదని అలా పెట్టారు. మంచి ఏర్పాటే. కాకపోతే తలుపు తీసి ఉంచిన ఇంట్లోకి పిట్టలు కూడా వస్తాయి. అదేపనిగా దావాలు వేసేవాణ్ని మన ఊళ్లలో కోర్టుపక్షి అంటామే, ఆ జాతి.

ఇంగ్లండ్‌లో వృద్ధాశ్రమాలు నడిపే ఒక సంస్థలో సిబ్బంది వ్యవహారాలు చూడడం నా పని. కొన్నేళ్ల క్రితం ట్రిబ్యునల్ నుంచి ఒక కవరు వచ్చింది. మా దగ్గర డ్రైవరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, ఫోను చేస్తే ఎత్తని, ఇంటర్వ్యూకు రమ్మంటే రాని ఒకాయన, వయసు చూసి తనపై వివక్ష చూపామని దావా వేశాడు. జవాబు ఇవ్వడానికి 28 రోజులు గడువు. లాయరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితాలు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "రెండు వేల పౌండ్లు ఇచ్చి వదిలించుకోండి. విచారణ దాకా లాగితే నా ఫీజే దానికి ఐదింతలు అవుతుంది" అన్నాడు. తర్వాత కంప్యూటర్‌లో ట్రిబ్యునల్ తీర్పుల జాబితా తెరిచి అదే పేరు కొట్టి చూపించాడు. 2017 నుంచి ఈ తీర్పులను ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవవచ్చు. ఆ పేరు మీద పదకొండు తీర్పులున్నాయి. అన్నీ వేరువేరు కంపెనీల మీద.

మా తప్పు అసలు లేదని చెప్పను. ఉద్యోగ ప్రకటనలో "చురుకైన యువ బృందం" అని రాసింది మేమే. ఎవరో పాత ప్రకటన నుంచి ఎత్తి అతికించారు, నేను చూడకుండా సంతకం పెట్టాను. ఈ వ్యవహారమంతా తేలిక కాకపోవడానికి కారణం అదే. కోర్టుపక్షి చెప్పేదంతా ఎప్పుడూ పచ్చి అబద్ధమే అయితే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇలాంటి మనిషిని ఆపడానికి బ్రిటన్‌లో ఇప్పటిదాకా నాలుగు దారులు తొక్కారు. అందరికీ ఫీజు పెట్టడం ఒకటి. ట్రిబ్యునల్ జడ్జి ఏ దావాకు ఆ దావాను వడగట్టడం రెండోది. యజమాని హైకోర్టుకు వెళ్లి నిరోధక ఉత్తర్వు తెచ్చుకోవడం మూడోది. ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ ఉద్యోగ అపీలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి ఆ మనిషి మీద ఆంక్ష వేయించడం నాలుగోది. నాలుగూ నాకు సమానంగా కనిపించవు. ఒకటి తప్పు, ఒకటి నిత్యావసరం, మిగతా రెండూ రోగాన్ని బట్టి వాడవలసిన మందులు.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు

2013 జులైకి ముందు ట్రిబ్యునల్‌లో దావా వేయడానికి పైసా అక్కర్లేదు. ఆ నెలలో ప్రభుత్వం ఫీజులు తెచ్చింది. ఎగ్గొట్టిన జీతం లాంటి సాదా తగాదాలకు దావా దాఖలుకు 160, విచారణకు 230, మొత్తం 390 పౌండ్లు. అన్యాయపు తొలగింపు, వివక్ష లాంటి వాటికి 250, 950 కలిపి 1,200. ఆ ఏడాది అక్టోబరు నుంచి పెద్దల కనీస వేతనం గంటకు 6 పౌండ్ల 31 పెన్నీలు. అంటే ఒక మనిషి 190 గంటలు చాకిరీ చేస్తే వచ్చే సొమ్ము, అదీ ఉద్యోగం ఊడిన నెలలో, తీసుకెళ్లి కట్టాలి. తక్కువ ఆదాయం వారికి మినహాయింపులు ఉండేవి గానీ, ఇంట్లో కాస్త పొదుపు ఉంటే అవి వర్తించేవి కావు.

పనికిమాలిన దావాలు తగ్గుతాయన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. దావాలైతే తగ్గాయి, మూడింట రెండు వంతులకు మించి. పనికిమాలినవి తగ్గాయా అన్నది వేరే ప్రశ్న. యూనిసన్ అనే కార్మిక సంఘం వేసిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2017 జులై 26న ఫీజుల ఉత్తర్వునే చెల్లదని కొట్టేసింది. తీర్పు రాసిన లార్డ్ రీడ్ ఒక లెక్క ఎత్తిచూపారు. ఫీజు నిజంగా చెత్తను వడగడుతూ ఉంటే, మిగిలిన దావాల్లో గెలిచేవాటి పాలు పెరగాలి కదా. పెరగలేదు సరికదా, తగ్గింది. ఐదు వందల పౌండ్ల జీతం బాకీ కోసం 390 పౌండ్లు పణంగా పెట్టడానికి బుద్ధిమంతుడు ఎవడూ ముందుకు రాడు. నిజమైన బాధితులు లెక్క వేసుకుని ఆగిపోయారు. కోర్టుపక్షులకు ఆ లెక్క పట్టదు. వాళ్లలో ఆదాయం లేనివారికి ఫీజు మినహాయింపు దొరికేది కూడా.

2024 జనవరిలో మళ్లీ 55 పౌండ్ల చిన్న ఫీజు పెడదామని ప్రతిపాదన వచ్చింది, అమలు కాలేదు. యాభై ఐదే కదా అనేవారు నా కార్యాలయంలోనే ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చి మా ఆశ్రమంలో రాత్రి షిఫ్టులు చేసే ఒకమ్మాయి వీసాకు, అద్దెకు, ఇంటికి పంపే డబ్బుకు పోగా నెలాఖరున ఎంత మిగులుతుందో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, ఆ జీతాల పట్టీ నేనే వేస్తాను. ఈ దారి గురించి ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

ధరావతు: చిన్న జల్లెడ

మన దగ్గర ధరావతు అనగానే ఎన్నికలు గుర్తొస్తాయి. ఓట్లు రాకపోతే "ధరావతు గల్లంతు" అని పత్రికలు శీర్షిక పెడతాయి. ట్రిబ్యునల్‌లోనూ దాదాపు అదే సూత్రం, కాకపోతే అందరి దగ్గరా ముందే వసూలు చేయరు. జడ్జి ప్రాథమిక విచారణలో దావా చదివి, ఒక ఆరోపణకు గెలిచే అవకాశం చాలా తక్కువ అనిపిస్తే, దాన్ని కొనసాగించాలంటే 1,000 పౌండ్ల దాకా ధరావతు కట్టమని చెప్పవచ్చు. ఆరోపణకు ఆరోపణకు విడివిడిగా. కట్టకపోతే ఆ ఆరోపణ కొట్టుకుపోతుంది. కట్టి, చివరికి జడ్జి ముందే చెప్పిన కారణంతోనే ఓడితే, ధరావతు ఎదుటివారికి పోతుంది, పైగా ఖర్చులు కూడా మీద పడే ప్రమాదం ఉంటుంది. గెలిచే అవకాశం తక్కువ కాదు, బొత్తిగా లేదు అనిపిస్తే దావానే కొట్టేయవచ్చు. వివక్ష కేసుల్లో మాత్రం అలా తొందరపడి కొట్టేయకూడదని 2001లో, అప్పటికి అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ హెచ్చరించింది. ఆ కేసుల్లో నిజం సాక్షుల నోట వింటే తప్ప బయటపడదు.

మా కేసు ఈ జల్లెడలోకే వచ్చింది. ట్రిబ్యునల్ అంటే మీరు నల్లకోట్లు, విగ్గులు, ఎత్తైన బల్ల ఊహించుకోకండి. పాత కార్యాలయ భవనంలో నాలుగో అంతస్తు, కార్పెట్ అంచులు లేచిన గది, నీళ్ల జగ్గు, ప్లాస్టిక్ గ్లాసులు. జడ్జి మామూలు సూటులో కూర్చున్నారు. దావా వేసిన ఆయన చక్రాల సంచీ లాక్కుంటూ వచ్చాడు, విమానాశ్రయానికి వెళ్లే మనిషిలా. సంచీలో నాలుగు లావుపాటి ఫైళ్లు, ప్రతి పేజీకీ రంగు చీటీ. మా కేసుకు సంబంధించిన కాగితాలు అందులో ఇరవైకి మించవు. మిగతావి పాత యుద్ధాలవి.

జడ్జి ముందు ఆయన ఆదాయం అడిగారు. కట్టలేనంత ధరావతు పెడితే అది దొడ్డిదారిన తలుపు మూయడమే, అందుకే మనిషి స్తోమతు విచారించాలి. ప్రభుత్వ భృతి, అద్దె, తిండి అన్నీ లెక్క వేసి వంద పౌండ్లు పెట్టారు. ఆయన లేచి, ఇది న్యాయానికి సుంకం అన్నాడు. గొంతు వణికింది. నటన అనిపించలేదు. గడువులోపు డబ్బు కట్టలేదు, దావా పోయింది. మాకు లాయరు ఖర్చు మాత్రం మిగిలింది. ఖర్చులు ఇప్పించమని అడగవచ్చు. వేధించడానికో, అసంగతంగానో దావా నడిపినవారి మీద ట్రిబ్యునల్ అక్కడికక్కడే లెక్క తేల్చి 20,000 పౌండ్ల దాకా వేయగలదు. వేస్తే మాత్రం భృతి మీద బతికే మనిషి దగ్గర ఏం రాలుతుంది?

ధరావతులో నాకు నచ్చేది, అది మనిషి మీద కాకుండా దావా మీద తీర్పు చెబుతుంది. అదే దాని బలహీనత కూడా. జల్లెడ పట్టేవాడు ఒక్కో గింజనే చూస్తాడు. పదకొండు బస్తాలూ ఒకే మిల్లు నుంచి వచ్చాయన్న సంగతి అతని లెక్కలోకి రాదు. ఈ మనిషి ఇకపై అనుమతి లేకుండా దావా వేయకూడదని శాసించే అధికారం ఉద్యోగ ట్రిబ్యునల్ జడ్జికి లేదు. దానికి పైమెట్టు ఎక్కాలి.

హైకోర్టు ఉత్తర్వు: తాడు ఎవరి చేతిలో?

సివిల్ కోర్టుల్లో సివిల్ నిరోధక ఉత్తర్వు అని ఒకటుంది. బొత్తిగా పసలేని దరఖాస్తులు పదేపదే వేసేవారు జడ్జి అనుమతి తీసుకున్నాకే కొత్తవి వేయాలని అది చెబుతుంది. పరిమితం, విస్తృతం, సాధారణం అని మూడు రకాలు. ట్రిబ్యునల్ మాట ఆ నియమాల్లో లేదు. మరి ట్రిబ్యునల్‌లో దావాలు వేయకుండా హైకోర్టు ఆపగలదా? నర్సుల నమోదు చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వేసిన కేసులో 2015లో హైకోర్టు ఆపగలనని చెప్పింది. కింది న్యాయస్థానాలను దుర్వినియోగం నుంచి కాపాడే సహజాధికారం తనకు ఉందన్నది దాని వాదన.

దీని లాభం స్పష్టం. బాధపడుతున్న సంస్థే నేరుగా వెళ్లవచ్చు, ప్రభుత్వం కదిలేదాకా కాచుకోనక్కర్లేదు. ఉత్తర్వుకు కాలపరిమితి ఉంటుంది, అవసరమైతే పొడిగిస్తారు. ఒక్క సంస్థనే పట్టుకుని ఏళ్ల తరబడి వదలని మనిషికి ఇది సరిపోతుంది. తొలగించిన ఆసుపత్రి మీద దావా, అది పోతే మేనేజరు మీద, అదీ పోతే విచారణ చేసిన అధికారి మీద, ఆపైన లాయరు మీద. ఇలాంటి కథలు పెద్ద సంస్థల్లో పనిచేసేవారు వినే ఉంటారు.

నాకున్న బెంగ రెండు రకాలు. హైకోర్టుకు వెళ్లడానికి డబ్బు కావాలి. ప్రభుత్వ సంస్థలు, పెద్ద కంపెనీలు వెళ్లగలవు. మూల మీది బేకరీ వెళ్లలేదు. కోర్టుపక్షి ఎక్కువగా వాలేది మాత్రం బేకరీ మీదే, ఎందుకంటే రెండు వేలు ఇచ్చి వదిలించుకునేది అలాంటివారే. రెండోది ఇంకా లోతైనది. ఇక్కడ తాడు ఎదుటిపక్షం చేతిలో ఉంది. సంస్థలోని అక్రమాలు బయటపెట్టిన మనిషిని ఆ సంస్థే వేధింపు దావాల మనిషి అని ముద్ర వేయమని అడగవచ్చు. జడ్జి ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ నోటీసు అందుకున్న ఉద్యోగి ఇంట్లో ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆలోచించండి.

అటార్నీ జనరల్ దారి

నాలుగోది 1993లో చట్టంలోకి వచ్చింది, ఇప్పుడు 1996 నాటి ఉద్యోగ ట్రిబ్యునళ్ల చట్టం 33వ సెక్షన్‌లో ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో అటార్నీ జనరల్, స్కాట్లండ్‌లో లార్డ్ అడ్వకేట్ మాత్రమే దీన్ని అడగగలరు. ఒక మనిషి అలవాటుగా, పట్టువదలకుండా, సరైన కారణం లేకుండా వేధింపు దావాలు వేశాడని ఉద్యోగ అపీలు ట్రిబ్యునల్‌కు నిరూపించాలి. ఆ దావాలు ఒకరి మీదే వేసినా పదిమంది మీద వేసినా ఒకటే. ఉత్తర్వు వెలువడితే, ఆ మనిషి అపీలు ట్రిబ్యునల్ అనుమతి లేకుండా కొత్త దావా వేయలేడు, పాతవి నడపలేడు. ఉత్తర్వు లండన్, ఎడింబరో గెజెట్లలో అచ్చవుతుంది. అందులో కాలపరిమితి రాయకపోతే అది ఎప్పటికీ నిలుస్తుంది.

ఎప్పటికీ అన్న మాట దగ్గర ఆగాలి. ఇది న్యాయస్థానం తలుపు తట్టే హక్కును కాలరాయడమేనని ఒకరు అపీలు కోర్టుదాకా వెళ్లారు. 2000లో కోర్టు ఒప్పుకోలేదు. తలుపు మూయలేదు, కాపలా పెట్టారంతే అన్నది కోర్టు చెప్పినదాని సారం. దావాకు తగిన ఆధారం ఉందని, అది దుర్వినియోగం కాదని చూపితే అనుమతి ఇవ్వవచ్చు. చిన్నప్పుడు విన్న "నాన్నా పులి" కథలో నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ రాలేదు. ఇక్కడ ఒక జడ్జి వచ్చి అడవివైపు చూడాలి. పులి ఉంటే దావా నడుస్తుంది. నలుగురినీ ఆపే ఫీజుకూ, ఒక్కరికి కాపలా పెట్టే ఈ ఉత్తర్వుకూ తేడా అదే.

వేధింపు దావా అంటే ఏమిటో కూడా ఆ ఏడాదే లార్డ్ చీఫ్ జస్టిస్ బింగమ్ ఇంకో కేసులో వివరించారు. చట్టంలో ఆధారం ఇంచుమించు శూన్యం, ఎదుటివారికి కలిగే ఖర్చు, విసుగు మాత్రం దావా వల్ల దక్కేదానికి ఏ పొంతనా లేనంత, కోర్టును దాని పనికి కాకుండా వేరేదానికి వాడుకోవడం. దావా వేసిన మనిషి ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఫలితం అదైతే చాలు. చక్రాల సంచీ మనిషి గొంతు వణకడం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ మాట ఊరట. ఆయన్ని మోసగాడు అననక్కర్లేదు. తనకు అన్యాయం జరిగిందని మనసారా నమ్మి ఉండవచ్చు. ఆ నమ్మకం వల్ల పదకొండు కంపెనీలు నలిగాయన్నది విడిగా నిలిచే నిజం.

ఈ దారికి లోపం దాని నడక. అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు వెళ్లాలి, పాత కేసుల కాగితాలన్నీ పోగు చేయాలి, విచారణ జరగాలి. అలాంటి ఉత్తర్వులు అరుదుగానే వెలువడతాయి, వెలువడేసరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. అయినా తాడు ఎదుటిపక్షం చేతిలో కాక, తగాదాతో సంబంధం లేని ప్రభుత్వ న్యాయాధికారి చేతిలో ఉండటం నాకు పెద్ద విషయం. బేకరీవాడు పైసా పెట్టకుండా ఉత్తరం రాయవచ్చు.

మనకూ ఇలాంటిది ఉంది. 1949 నాటి మద్రాసు వేధింపు వ్యాజ్యాల నిరోధక చట్టంలో కూడా అడ్వకేట్ జనరల్ అడిగితేనే హైకోర్టు ఆంక్ష వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక వ్యాజ్యకర్త మీద దాన్ని ప్రయోగిస్తే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1965లో చట్టం రాజ్యాంగబద్ధమేనన్నారు, కానీ దాన్ని తెలంగాణ ప్రాంతానికి వర్తింపజేయలేదు కాబట్టి హైదరాబాదు, సికిందరాబాదు కోర్టులకు ఆంక్ష చెల్లదన్నారు. ఒకే రాష్ట్రంలో కృష్ణకు ఆవల కోర్టుపక్షి, ఈవల స్వేచ్ఛాపక్షి! దేశమంతటికీ ఒకే చట్టం కావాలని 2005లో లా కమిషన్ తన 192వ నివేదికలో కోరింది. ఆ లా కమిషన్ కోరిక అలాగే కాగితం మీద ఉంది.

ఎవరికి ఏది?

నన్ను అడిగితే, ఒక్క దావా వచ్చి అది బలహీనంగా ఉంటే ధరావతు చాలు, ఆ మనిషి చరిత్ర తవ్వకండి. ఐదుసార్లు వివక్షకు గురైన మనిషి ఐదు దావాలు వేస్తాడు, అది అలవాటు కాదు, దురదృష్టం. లెక్క పెట్టవలసింది దావాల సంఖ్య కాదు, వాటిలో పస లేదని జడ్జీలు ఎన్నిసార్లు తేల్చారన్నది. ఒకే సంస్థను పట్టుకుని వదలని మనిషి అయితే, స్తోమతు ఉంటే హైకోర్టు. వలవేసినట్టు అందరి మీదా దావాలు విసిరే మనిషి అయితే 33వ సెక్షన్ తప్ప వేరే దారి పనిచేయదు. ఏ ఒక్క కంపెనీకీ హైకోర్టుకు వెళ్లేంత నొప్పి ఉండదు, అందరి నొప్పీ కలిపితేనే బొమ్మ కనిపిస్తుంది. కాకపోతే ఆ ఉత్తర్వుల్లో ప్రతిదానికీ గడువు రాయాలని, గడువు ముగిశాక అవసరమైతే మళ్లీ అడగాలని నేనంటాను. ఐదేళ్ల తర్వాత కూడా అదే మనిషి అదే మనిషిగా ఉంటాడని ఎవరు చెప్పగలరు?

మా కేసు ముగిసిన ఏడాదికి, పక్క ఊళ్లో పిల్లల నర్సరీ నడిపే ఒకావిడ ఫోను చేసింది. ట్రిబ్యునల్ నుంచి కవరు వచ్చిందని, గడువులోపు ఏం రాయాలో తెలియడం లేదని. కాగితాలు పట్టుకుని రమ్మన్నాను. డ్రైవరు ఉద్యోగం బదులు వంటమనిషి ఉద్యోగం, మిగతా వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చినవే. నాలుగో పేజీ, పదిహేడో పేరాలో ఒకచోట ఆవిడ నర్సరీ పేరు ఉండవలసిన చోట మా సంస్థ పేరు ఉంది. మార్చడం మరచిపోయాడు. ఆ పేజీకి రెండు నకళ్లు తీశాం. ఒకటి ఆవిడ జవాబుకు జతపరిచాం. రెండోది మా కేసు తీర్పుతో కలిపి, అటార్నీ జనరల్ కార్యాలయానికి రాసిన ఉత్తరం మీద పిన్ను కొట్టాం.